గొట్టం మీద చప్పుడు

ఆల్గోత్ రికార్డు మీద ముల్లు పెట్టాడో లేదో, కింద నుంచి గొట్టం మోగింది.

టక్. టక్. టక్‌టక్‌టక్.

గదుల్ని వేడిచేసే నీళ్ల గొట్టం అది. కింది ఇంట్లోంచి పై ఇంట్లోకి వస్తుంది. స్వీడన్‌లోని ఈ సుండ్స్‌వాల్ ఊళ్లో ఏ మేడలోనైనా దాని మీద కొట్టారంటే అర్థం ఒకటే. చప్పుడు తగ్గించమని.

ఆల్గోత్ గబుక్కున సౌండు తగ్గించేశాడు.

"ఒరేయ్, ఇంకా పాటే మొదలవలేదు కదరా!" అన్నాడు స్నేహితుడు టూరె, నేల మీద వైర్ల మధ్య కూర్చుని. "అప్పుడే తగువుకొచ్చేశాడే! ఎవడ్రా వాడు?"

"హెడ్‌లుండ్. తలుపు మీద ఇంటిపేరొక్కటే ఉంది. ఆకులు రాలేటప్పుడు దిగాడు."

"మాట్లాడావా?"

"దేనికి?"

అక్కడ మర్యాదంటే ఎదురుపడకపోవడమే. తలుపుకున్న అద్దం కంటిలోంచి చూసి, మెట్ల మీద ఎవరూ లేరంటేనే బయటికి రావాలి. ఆల్గోత్ ముప్ఫై ఏళ్లుగా అలాగే వస్తున్నాడు.

టూరె పొద్దుట్నించీ చెమటోడ్చి, పాత స్టీరియోకి వేరే పవర్ ఆంప్లిఫయర్ తగిలించాడు. పెట్టె దూడంత బరువుంది.

"పాతదానికి ఇంక మోత తప్పిందిరా. పగ్గం పట్టుకుని కూచుంటుంది. బండి లాగే ఎద్దు ఇదీ," అని కొత్త పెట్టె వీపు తట్టాడు. "ఒక్కటి గుర్తుంచుకో. దీన్ని అన్నిటికన్నా చివర వెయ్యి, అన్నిటికన్నా ముందు ఆపు. వరస తిరగేశావో, స్పీకర్లు దభీమంటాయి. కిందాయన ఈసారి గొట్టం కాదు, నీ నెత్తి మీద కొడతాడు."

ఇదంతా ఒక్క పాట కోసం.

ఆల్గోత్ భార్య మైకెన్ పెళ్లికి ముందు, వేసవి రాత్రుల్లో జనం డాన్సులాడే తోటల్లో ఒక బృందంతో పాడేది. ఒకే ఒక్క రికార్డుకి పాడింది. ఆమె పోయాక ఆ గొంతు మిగిలింది అందులోనే.

"మొదటి మాటకి ముందు నా ఊపిరి కూడా పడిందయ్యా అందులో," అని నవ్వేది. "భయంతో నోరు పెగిలేది కాదు. డ్రమ్ముల సిక్స్‌టెన్ పుల్లలతో సైగ చేస్తేనే ఊపిరి పీల్చి ఎత్తుకునేదాన్ని. వాడు లేకపోతే నా పాటే లేదు."

ఆ ఊపిరి ఆల్గోత్ ఎన్నడూ వినలేదు. ఆమె ఉండగా రికార్డు పెట్టే పనే పడలేదు; ఇప్పుడేమో ఆయన చెవులు మందగించాయి. సౌండు పెంచితే పాత పెట్టెలో మైకెన్ గొంతు బొంగురుపోయేది. చెవులు పూర్తిగా మూతపడేలోగా ఆ ఊపిరి ఒక్కసారి వినాలి. ఇంకేమీ అక్కర్లేదు.

మరుసటి ఆదివారం కాఫీ తాగి, మళ్లీ పెట్టాడు.

టక్. టక్. టక్‌టక్‌టక్.

తగ్గించాడు.

స్పీకర్ల కింద కంబళి మడిచి పెట్టాడు. నేల మీద రగ్గు పరిచాడు. అయినా అంతే. ముల్లు ఆనడమే తడవు, గొట్టం మోగేది. ఆయన చెయ్యి సౌండు మీదికి పరుగెత్తేది. ఆ కంగారులో ఊపిరి ఎటో పోయేది.

ఒకరోజు అద్దం కంటిలోంచి చూస్తే మెట్లు ఖాళీ. తీరా దిగితే కింది అంతస్తులో, హెడ్‌లుండ్ తలుపు పక్కన, చక్రాల కుర్చీలో ఒక ముసలాయన.

ఆల్గోత్‌ని చూడగానే ఆయన మొహం ఎర్రబడింది. మూతి ఒకపక్కకి వంకరపోయి ఉంది.

"బా... బా..."

మాట రాలేదు. వేలు పైకి చూపించాడు. ఆ చేత్తోనే కుర్చీని టకటకా కొట్టాడు.

"తప్పయిందండీ. తగ్గిస్తాను," అన్నాడు ఆల్గోత్.

ముసలాయన ఆల్గోత్ కోటు పట్టుకున్నాడు. ఆల్గోత్ విడిపించుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయాడు.

ఆ చలికాలమంతా రికార్డు బయటికి తియ్యలేదు. కొత్త పెట్టె మీద దుమ్ము పేరుకుంది.

మంచు కరిగేవేళకి కింది ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. ఒకావిడ అట్టపెట్టెలు బయట పెడుతోంది.

"హెడ్‌లుండ్ గారు..."

"పోయిన వారం పోయారండీ. మా పెదనాన్న."

ఆల్గోత్ టోపీ తీశాడు.

"పైన ఉంటాను. నా పాటలతో ఆయన్ని చాలా విసిగించాను."

"మీరేనా!" ఆమె చేతిలో పెట్టె దింపేసింది. "విసిగించడమేంటండీ? మాట పడిపోయింది, ఆ ఒక్క చెయ్యే ఆడేది. ఆదివారమైతే చాలు, కుర్చీని గొట్టం దగ్గరికి తొయ్యమని ఒకటే గోల. చెంచా చేతికిచ్చేదాన్ని. ఈ చలికాలం పాట ఎందుకు రావట్లేదని పైకి చూపించి అడుగుతూనే ఉన్నారు పాపం."

ఆల్గోత్‌కి ఏమీ అర్థం కాలేదు. మెట్లెక్కి వచ్చాడు. పాత పెట్టె వేశాడు. చివరగా కొత్తది వేశాడు. కింద వినేవాళ్లెవరూ లేరు కనక సౌండు పూర్తిగా పెంచాడు. ముల్లు ఆనించాడు.

టక్. టక్. టక్‌టక్‌టక్.

చెయ్యి అలవాటుగా సౌండు మీదికి పోయి, ఆగింది.

గొట్టాన్ని తాకి చూశాడు. అది నిమ్మళంగా ఉంది. చప్పుడు వచ్చింది స్పీకర్లలోంచి.

ఆ వెంటనే, మైకెన్ ఊపిరి.

ఇన్నాళ్లూ కింద నుంచి సిక్స్‌టెన్ ఆమెని పాట ఎత్తుకోమంటూనే ఉన్నాడు. నోరు నొక్కింది ఆల్గోతే.