గుడ్డులో నెత్తురు చుక్క

"ఈ పీనుగుని నా వంటింట్లోకి ఎవరు తెచ్చారు?" అంది ఒర్తాన్స్.

సొలాంజ్ చేతిసంచి పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. పద్నాలుగేళ్ళ పిల్ల. బూర్గోన్‌లో ద్రాక్ష కోతలు మొదలైన రోజులు. ఫ్రాన్సులోకి జర్మన్లు దిగి అప్పటికి రెండేళ్ళు దాటింది.

"చర్చి ఫాదర్‌గారు పంపారు. అనాథట. అంట్లు తోముతుందిలే" అంది సత్రం యజమానురాలు మదాం పూజోల్.

"ఆ చేతులతోనా? చీపురు పట్టిన చేతుల్లా ఉన్నాయా అవి? సరే, తగలడమనండి. వెనక పెరట్లో తొట్టి దగ్గర కూర్చోవాలి. ముందు హాల్లోకి ఒక్క అడుగు వేసిందా, కాళ్ళు విరగ్గొడతా."

ముందు హాల్లో రోజూ జర్మన్ సైనికులు భోజనం చేస్తారు.

సొలాంజ్ అసలు పేరు రివ్కా. అంతకుముందు జులైలో పారిస్‌లో పోలీసులు యూదుల ఇళ్ళ మీద పడి ఆమె తండ్రిని లాక్కుపోయారు. ఇంట్లో మిగిలినవాళ్ళు తలో దిక్కూ అయ్యారు. తమ్ముడు ఎక్కడున్నాడో ఫాదర్ చెప్పలేదు. కొత్త పేరుతో కాగితాలిచ్చి, "అక్కడ నీకు ఎవరూ లేరు. ఎవరేమన్నా పడి ఉండు. దొరికావో, నిన్నూ ఖైదీల శిబిరాలకి రైలెక్కిస్తారు" అన్నాడు.

పడి ఉండటమంటే ఏమిటో ఒర్తాన్స్ దగ్గర బాగానే తెలిసొచ్చింది.

ఒర్తాన్స్ ఆల్సాస్ నుంచి వచ్చిన విధవరాలినని చెప్పుకునేది. పిల్ల కంటే నెల ముందు వంటకి కుదిరింది. మిగతా అందరితో మర్యాదగానే ఉండేది. ఈ పిల్ల మాత్రం ఆమెకి కంట్లో నలుసు. పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఒసేయ్ మొద్దూ" అనేది.

మొదటివారంలోనే అందరి ముందూ పళ్ళెంలో ఇంత పందికొవ్వు వేసింది. సొలాంజ్ చెయ్యి ఆగింది. యూదుల ఇళ్ళల్లో పంది ముట్టరు.

"ఏం, మహారాణిగారి గొంతు దిగదా? మింగు. ఇదీ దొరక్క జనం చస్తున్నారు."

సొలాంజ్ కళ్ళు మూసుకుని మింగింది. వడ్డన చేసే గాస్పార్ పడీ పడీ నవ్వాడు.

గాస్పార్‌కి ఆరాల పిచ్చి. ఊళ్ళో ఎవరింట్లో ఏం దాచారో జర్మన్లకి మోసి, వాళ్ళ చేత భుజం తట్టించుకునేవాడు. అలాంటి వెధవలు అప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉండేవాళ్ళు.

"ఏమ్మాయ్, మీ ఊళ్ళో ఏ చర్చికెళ్ళేవాళ్ళు మీరు?" అని ఒకరోజు మొదలుపెట్టాడు.

"దానితో నీకేం కబుర్లురా? అది నోరు తెరిస్తే పాలు విరుగుతాయి. ముందా పళ్ళేలు పట్టుకెళ్ళు" అని ఒర్తాన్స్ కసిరింది.

ఏడాది అలాగే గడిచింది. మళ్ళీ ద్రాక్ష కోతలొచ్చాయి, పోయాయి. అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం పదహారు మంది సైనికులు ఒకేసారి వచ్చి కూర్చున్నారు. ఒర్తాన్స్ నేలమాళిగలోకి వైన్ కోసం వెళ్ళింది. మదాం కంగారుపడి, "ఒసేయ్ పిల్లా, ఆ గుడ్లు కొట్టివ్వు, ఆమ్లెట్లు వెయ్యాలి" అని బుట్ట తోసి వెళ్ళింది.

పారిస్‌లో వాళ్ళింట్లో గుడ్డుని నేరుగా గిన్నెలో కొట్టేవాళ్ళు కాదు. గ్లాసులో కొట్టి, వెలుతురులో తిప్పి చూస్తారు. నెత్తురు చుక్క కనిపిస్తే ఆ గుడ్డు పారబోస్తారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూసిన పని. సొలాంజ్ చేతులు వాటంతటవే గ్లాసు అందుకున్నాయి.

అయిదో గుడ్డులో చుక్క ఉంది. కుడితి బాల్చీలో పారబోసింది.

"ఆగు" అన్నాడు గాస్పార్ వెనకనుంచి. "ఏంటది? నిక్షేపంలాంటి గుడ్డు!"

సొలాంజ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"పారిస్‌లో ఒక యూదుల ఇంట్లో పనిచేశాన్లే నేను. ఇలా గుడ్డులో నెత్తురు వెతికేది వాళ్ళే." హాలు వైపు తిరిగి కేకేశాడు. "సార్జెంటుగారూ, ఒక్కసారి ఇలా రండి. మీకో వింత చూపిస్తా."

మెడలో రుమాలుతోనే సార్జెంటు గుమ్మంలోకొచ్చాడు. "ఇది యూదు పిల్లండీ" అన్నాడు గాస్పార్. అప్పుడే ఒర్తాన్స్ సీసాలతో మెట్లెక్కి వచ్చింది. బాల్చీ చూసింది. గ్లాసు చూసింది. సీసాలు బల్ల మీద పెట్టి, నేరుగా వెళ్ళి సొలాంజ్ చెంప ఛెళ్ళుమనిపించింది. పిల్ల గోడకి కొట్టుకుని కింద పడింది.

"కుళ్ళిపోయింది పారెయ్యవే మొద్దూ అంటే, మంచిది పారేస్తావా? గ్లాసులో కొట్టి చూడమని చెప్పిన నాకు బుద్ధి లేదు! ఒరేయ్ గాస్పార్, కిందటి వారం కుళ్ళిన గుడ్డు కంపుకి ఆఫీసరు పళ్ళెం విసిరికొడితే తిట్లు తిన్నదెవడు? నువ్వా, నేనా? ఇది యూదు పిల్లట! యూదులకి తెలివుంటుందంటారు కదరా, దీనికేదీ?"

సార్జెంటు విరగబడి నవ్వాడు.

"ఈ ఆడమనిషి మా సైన్యంలో ఉండాల్సింది. నీ వింత బాగానే ఉంది గానీ, ఆమ్లెట్ ఏదయ్యా?" అని గాస్పార్ వీపు మీద చరిచి వెళ్ళిపోయాడు. గాస్పార్ మొహం మాడ్చుకుని పళ్ళేలు అందుకున్నాడు.

భోజనాలయ్యాక మదాం పూజోల్ పిల్లని చూసి లబలబలాడింది. బుగ్గ మీద అయిదు వేళ్ళూ తేలి ఉన్నాయి. వెనిగర్‌లో గుడ్డ తడిపి తెచ్చింది.

"వద్దు మదాం. ఉండనివ్వండి" అంది సొలాంజ్. చెంప మీద పెట్టుకున్న చెయ్యి తియ్యలేదు.

"నువ్వే గనక ఒక పిల్లని కని ఉంటే ఇలా కొట్టడానికి చేతులొచ్చేవి కాదు" అంది మదాం ఒర్తాన్స్‌తో.

ఒర్తాన్స్ వెనక్కి తిరక్కుండా దుంపల తొక్క తీస్తూ ఉంది.

పదిహేను నెలల తర్వాత అమ్మ చెయ్యి తనని తాకడం రివ్కాకి అదే మొదటిసారి.