ఒక్క కేక

"అభియోగం అంటే నేరం రుజువైపోయిందని కాదయ్యా," కోర్టు వరండాలో కూర్చున్న లిఫ్టు మెకానిక్కుకి మళ్ళీ చెప్పాడు వకీలు. "నువ్వు ఫలానా తప్పు చేశావని నీ మొహమ్మీదే చదువుతారు. నీ జవాబు అడుగుతారు. కాదు అను, చాలు."

"చదవకపోతే?"

"చదవకుండా, నీ మాట వినకుండా శిక్ష వేసేస్తే ఇక కోర్టెందుకు?"

మెకానిక్కు భార్య వైపు చూశాడు. ఆవిడ దూరంగా గోడకానుకుని నిలబడింది. చనిపోయింది ఆవిడ తమ్ముడే.

లిఫ్టు కదలకుండా, దాని కింది గుంతలోకి దిగేవాడే ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలన్నది వాళ్ళ పనిలో కట్టుబాటు. ఆ రోజు బావమరిది, "మా బావ జేబైతేనేం, నా జేబైతేనేం" అని నవ్వుతూ ఫ్యూజు ఇతని చేతికిచ్చి దిగాడు. వాడు పైకొచ్చేశాడనుకుని ఇతను ఫ్యూజు పెట్టేశాడు. లిఫ్టు వాడి మీదికి దిగింది.

అప్పట్నుంచీ ఆవిడ వేళకి కంచం పెడుతోంది, ఉతికిన చొక్కా ఇస్తోంది. పల్లెత్తు మాట అనలేదు.

"వాళ్ళు చదివేదాకా ఎందుకే," అన్నాడతను. "ముందు నువ్వడుగు."

ఆవిడ తలెత్తి అతని వైపు చూసింది.

"ఫ్యూజు పెట్టేముందు ఒరేయ్ అని ఒక్క కేక వేస్తే మీ సొమ్మేం పోయేది?"

"వెయ్యలేదే. తప్పు నాదే."

"ఆ మాట లోపల అన్నావంటే కొంప మునుగుతుంది," అన్నాడు వకీలు కంగారుగా.

"లోపలేమంటారు?" భర్తని అడిగింది ఆవిడ.

"నీకో మాట, వాళ్ళకో మాట ఎలా చెప్పనే?"

ఆవిడ వచ్చి అతని పక్కన కూలబడి, తమ్ముడు పోయాక మొదటిసారి అతని భుజమ్మీద బావురుమంది.