మొదటి పేజీలో గురువు

టక్, టక్.

రెండుసార్లు. అంటే కాదని. స్వర్ణలత పెన్సిల్ కింద పెట్టేసి నడుం పట్టుకుంది.

"ఇది ఏడోసారి తాతా! ఇంకా ఏం తప్పుండాది? మీసమా? తలపాగానా? కాలెత్తిన తీరా?"

దిండ్లకు ఆనుకుని కూర్చున్న వీరభద్ర ఎడమచేతి వేలితో పళ్ళెం మీద మళ్ళీ రెండుసార్లు కొట్టాడు. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. నలభై ఏళ్ళు రాజంపేట చుట్టూ పల్లెల్లో చెక్కభజన నేర్పిన మనిషి కదా, ఆ కొట్టడంలో కూడా తాళం తప్పేవాడు కాదు.

స్వర్ణలత స్కూల్లో డ్రాయింగ్ టీచరు. జబ్బు చేశాక తాతను, అవ్వను తన దగ్గరికే తెచ్చుకుంది. తాత కథను పిల్లలకోసం బొమ్మల పుస్తకంగా గీస్తోంది. ముప్పై రెండు పేజీలు. పదహారుమంది చెక్కలు వాయిస్తూ గుండ్రంగా తిరగడం, తిరునాళ్ళలో దుమ్ము లేవడం, చివర్లో ఆసుపత్రి మంచం, అన్నీ ఉన్నాయి. ముప్పై ఒక్క పేజీలకు తాత సరేనన్నాడు. మొండికేసింది మొదటి పేజీ దగ్గరే. అందులో గురువు ఒక్కడే అడుగు వేస్తూ నిలబడి ఉంటాడు. బొమ్మ కింద, 'ఈ అడుగులన్నీ కట్టిన గురువు' అని రాసి ఉంటుంది.

సోమవారానికి పుస్తకం అచ్చుకు హైదరాబాదు పంపాలి. పక్షవాతం ఇంకోసారి వస్తే తాత బతకడం కష్టమని కడప డాక్టరు చెప్పాడు. అచ్చు కాకముందే తాత పోతాడేమోనని ఆమె భయం. అలాగని ఆయన అవుననకుండా పంపడానికి మనసొప్పడం లేదు.

"అవ్వా, నువ్వన్నా చెప్పు. ఈ బొమ్మలో తప్పేముండాది?"

వంటింటి గడపలో కూర్చుని కనకాంబరాలు కడుతున్న లక్ష్మీదేవమ్మ తల కూడా ఎత్తలేదు. "ఆ గోల నాకేం తెలుసుమే? నేనెప్పుడన్నా భజనకు పోయిన్నా?"

నిజమే. పుస్తకంలో అవ్వ ఉన్నది కూడా ఒక్క పేజీలోనే, సంగటి గెలుకుతూ. పొద్దున్నే పూలు పెట్టుకోనిదే పొయ్యి ముట్టించని మనిషని, ఆ బొమ్మలో కొప్పులో నాలుగు నారింజ చుక్కలు పెట్టింది స్వర్ణలత. అది చూసి తాత పళ్ళెం గట్టిగానే మోగించాడు, ఒకసారి.

కాసేపటికి అవ్వ నీళ్ళ చెంబు తెస్తూ బొమ్మకేసి ఓరగా చూసింది. "మడమ నేలకు తగలగూడదు. వేళ్ళ మీద లేయల్ల."

"నీకెట్ల తెలుసు?"

"మీ తాత అంటాంటే ఇన్న్యాలే."

స్వర్ణలత మడమ సరిదిద్దింది. ముసలాయన భార్య వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, టక్, టక్.

అప్పుడే వచ్చాడు మారెన్న, చేతిలో అరటిపండ్ల అత్తం పట్టుకుని. ఒకప్పుడు తాత జట్టులో ముందు నిలబడి ఆడినవాడు. ఇప్పుడు అరవై దాటాయి.

"ఏం గురువా, బాగుండావా?" అంటూ మంచం పక్కన కూర్చుని బొమ్మలు తిరగేశాడు. "అబ్బ! ఇదిగో మెలికడుగు! ఈ అడుగుకు మంగంపేటలో జనం ఈలలేసి చంపినారమ్మా."

"తాత బాగా చెప్పేవాడా మామా?"

"చెప్పేదా! శానా గర్వం నీ తాతకు. కొత్త అడుగు చూపించు గురువా అంటే అప్పటికప్పుడు చూపిస్తే ఒట్టు. 'రేపు చెప్తాలేరా' అనేటోడు. ఇంటికి పోయి తలుపేసుకునేటోడు. తెల్లారితే కొత్త అడుగు తయారు! యాడ దాచిపెట్టేటోడో ఏమో."

స్వర్ణలతకు నవ్వొచ్చింది. అవ్వ ఉన్నట్టుండి లేచి, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ లోపలికి వెళ్ళింది.

"ఇప్పుడు మా మనమరాలు కూడా భజనలో ఆడతాండాది," అన్నాడు మారెన్న. "మా కాలంలో ఆడోళ్ళు చెక్కలు ముట్టుకుంటే ఊరు ఊరంతా మీద పడేది. మా పెదనాయన కూతురు ఒకసారి ముట్టుకున్న్యాదని చెక్కలు పొయ్యిలో పెట్టినారు. పాపం, ఎంత ఏడ్చిందో."

వీరభద్ర కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. మారెన్న కంగారుగా తుండుతో తుడిచాడు. "పాత రోజులు గుర్తొచ్చినట్టుండాయి. ఏడ్వగాకు గురువా. నీ పేరు పిల్లకాయలంతా చదువుతారు."

టక్, టక్. టక్, టక్. వేలు ఆగలేదు. పళ్ళెం కిందపడి దొర్లింది. ఆ చేతిని పట్టుకున్నప్పుడు స్వర్ణలతకు అర్థమైంది, అది పెన్సిల్ కోసం చాచిన చెయ్యని.

"నువ్వే గీస్తావా తాతా?"

ఆయన కళ్ళు మూసి తెరిచాడు. ఆమె ఆయన ఒళ్ళో అట్ట పెట్టి, మొదటి పేజీ ఉంచి, రబ్బరు, రంగు పెన్సిళ్ళ డబ్బా అందించింది. ఎన్నడూ బొమ్మ గీయని చెయ్యి, అందులోనూ ఎడమది. చూస్తూ నిలబడితే సిగ్గుపడతాడని మారెన్నను బయటిదాకా సాగనంపే నెపంతో వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పావుగంట పట్టింది.

ముసలాయన దిండు మీద తల వాల్చి ఉన్నాడు. నుదుటి మీద చెమట. దుప్పటి నిండా రబ్బరు పొట్టు. ఆమెను చూడగానే అట్ట మీద వేలితో కొట్టాడు.

టక్.

అంతే, ఒక్కసారే. ఎనిమిది నెలల్లో ఆ ముఖంలో అంత నెమ్మది ఆమె చూడలేదు. వంటింట్లోంచి గిన్నె మీద గరిటె తాళం వినిపిస్తోంది.

స్వర్ణలత వంగి పేజీ చూసింది. గురువుకు మీసం లేదు.

తలపాగా చెరిపేసిన చోట కొప్పు, అందులో నాలుగు నారింజ చుక్కలు.