ఆవిరి గిన్నె

మళ్లీ మొదలైంది. వెనకగదిలో అత్తగారు దాలమ్మ నేల మీద చతికిలబడి, ముందు గిన్నె పెట్టుకుని, తల మీదుగా దుప్పటి కప్పేసుకుంది. లోపల్నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. అటుగా వచ్చిన ఇంద్రాణి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆవిరి పట్టడం తప్పని ఎవరూ అనరు. ఈ చలికి బాగ్‌బేరా రైల్వే కాలనీలో దగ్గు వినపడని ఇల్లు లేదు. కానీ ఈ ఇంట్లో కూతురు గీతాంజలి ఉంది. తొలి కాన్పుకి పుట్టింటికొచ్చిన పిల్ల, నెలలు నిండాయి. ఇప్పుడు ఫ్లూ అంటుకుంటే ఇద్దరికీ ముప్పేనని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఆ రోజు నుంచి ఇంద్రాణి ఇంటికి పోలీసైపోయింది. ఎవరొచ్చినా చేతులు కడగాల్సిందే. మొగుడు జయప్రకాష్ అయినా సరే, డ్యూటీ దిగి వచ్చి స్నానం చేశాకే కూతురి మొహం చూడాలి. పిల్ల మనసూ తేలిగ్గా ఉండాలని, వానాకాలంలో పోయిన మామగారి ఫొటోని దండతో సహా తీసి బీరువాలో పెట్టేసింది. ఆయన ఊసు పిల్ల ఎదుట ఎత్తొద్దంది. దాలమ్మ అన్నిటికీ బుద్ధిగా తలూపింది.

తలూపిన మనిషే ఇప్పుడు జబ్బు దాస్తోంది. కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు బొంగురుపోయింది. గదిలో ఒక్కతే ఉన్నా మాస్కు కళ్ల దాకా లాక్కుంటోంది. పొద్దున్నే పక్క ఎత్తబోతే దిండు గలేబు తడిగా తగిలింది. రాత్రంతా జ్వరం చెమటలేనని ఇంద్రాణి తేల్చేసింది. ఆవిరి కూడా రోజూ సాయంత్రం టీ వేళకే. మామగారుండగా ఆ వేళకి ముసలాళ్లిద్దరూ గ్లాసులు పట్టుకుని వసారాలో కూర్చునేవారు. ఇప్పుడు టీ ఇవ్వబోతే వద్దంటోంది. నోరు చేదుగా ఉంటేనే కదా టీ వద్దనేది!

థర్మామీటరు పెట్టి చూస్తే జ్వరం లేదు. దొంగచాటుగా మాత్ర మింగి ఉంటుందనుకుంది ఇంద్రాణి. అనుమానం పట్టుకున్నాక థర్మామీటరు మాట ఎవరు వింటారు?

దాలమ్మ దుప్పటి తీశాక ఇంద్రాణి దూరం నుంచే అడిగింది.

"ఏటత్తా, జొరం గానీ దాత్తన్నావా?"

"నేదమ్మా. ముక్కు దిబ్బడేసింది, అంతే."

"మరి నీళ్లు నాను కాసిత్తానంటే వద్దంతావేటి?"

"నీకు పన్లు తక్కువేటి? నా గిన్నె నాను సూసుకుంతాను."

"దాదీ కో ఛోడో నా, మమ్మీ," అని ఇక్కడే పుట్టి పెరిగిన గీతాంజలి ముందుగదిలోంచి హిందీలో విసుక్కుంది. నానమ్మను వదిలెయ్యమని వెనకేసుకొస్తున్న ఆ గొంతు వింటే ఇంద్రాణికి భయం ఇంకా పెరిగింది. రేపు ఈ పిల్లే ఆవిడ పక్కన చేరి కబుర్లు చెబుతుంది, అప్పుడేం గతి?

మర్నాడు గోవింద్‌పూర్‌లో ఉన్న మరిది హరిప్రసాద్‌కి ఫోన్ చేసి, సాయంత్రం ఆటో తీసుకుని వచ్చి వాళ్లమ్మను తీసుకుపొమ్మంది. చెప్పాక తనకే బాధేసింది. పుట్టబోయే బిడ్డ కోసం మెత్తటి పాత చీరలు చింపి పొత్తిళ్లు కుట్టి ఉంచింది దాలమ్మే. బిడ్డను ముందుగా తన చేతుల్లోకి తీసుకోవాలని ఆవిడ ఆశ. అయినా తప్పదనుకుంది.

సంగతి చెబితే దాలమ్మ ఒక్కటే అడిగింది.

"పురుడయ్యేలోగా రానిత్తావా?"

"నీకు నయమవనీ అత్తా, సూద్దాం."

"అలాగేనమ్మా. ఎల్లే ముందు ఒక్కసారి ఆవిరి పట్టుకుంతాను."

ఇంద్రాణికి ఒళ్లు మండింది. జబ్బుందని చివరికి తన నోటితోనే ఒప్పుకున్నట్టేగా?

ఆ సాయంత్రం దాలమ్మ దుప్పటి కింద చాలాసేపే ఉండిపోయింది. వీధిలో ఆటో హారన్ మోగాకే లేచింది. మొహమంతా తడి, కళ్లు చింతనిప్పులు. మాస్కు పైకి లాక్కుని, ముందుగది గుమ్మంలోనే ఆగి, మనవరాలికి దూరం నుంచే చెయ్యెత్తి దీవించింది.

ఆవిడ అటు తిరగ్గానే ఇంద్రాణి వెనకగదిలోకి వెళ్లింది. ఆ రోగిష్టి నీళ్లు ముందు దొడ్లో పారబొయ్యాలి. చెయ్యి కాలకుండా మసిగుడ్డ మడతపెట్టి గిన్నె ఎత్తింది. తొందరలో నీళ్లు తొణికి మణికట్టు మీద పడ్డాయి. కెవ్వుమనబోయి ఆగిపోయింది.

అవి కుళాయి దగ్గర పట్టినవి పట్టినట్టున్న చన్నీళ్లు.