కుడికాలి పట్టీ

నీలవేణి భయమల్లా ఒక్కటే. పాకుడు రాళ్ల మీద మొగుడి కాలు జారి, చంకలోని పిల్ల ‘అయ్యా’ అనడం నేర్చేలోగానే ఆ పిలుపుకు పలికే మనిషి లేకుండా పోవడం.

మొగుడు లక్ష్ముడికి తెప్ప లేదు. సముద్రంలోకి పొడుచుకెళ్లిన రాళ్ల మీద నిలబడి, కెరటాలు నడుముదాకా కొడుతుంటే గేలం విసురుతాడు. కాళ్లకు లారీ టైరు చెప్పులు. పాకుడు మీద పట్టు దొరకాలని వాటి అడుగున గాట్లు కోసి ఉంటాయి. చెప్పును కాలికి బిగించే పట్టీలు మాత్రం ఉప్పునీటికి పీలికలైపోయాయి.

“పట్టీలు బాగయ్యేదాకా రాళ్లెక్కకు మావా,” అంది ఆ ఉదయం.

“ఎక్కకపోతే కుండలోకి ఏటొస్తాది?” అని నవ్వి, ఆ పూటకు పెద్దవల లాగేవాళ్లకు సాయం వెళ్లాడు.

ఎండెక్కాక ఒక ముసలాయన వాకిట్లో ఆగాడు. భుజాన గోనెసంచి.

“రాళ్లెక్కే సెప్పులున్నాయేటి తల్లీ? పట్టీలేస్తాను.”

“ఏటియ్యాల?”

“ఇంత సోడంబలి పొయ్యి. సాలు.”

నీలవేణికి అక్కడే అనుమానం తగిలింది. ఉత్త అంబలికి ఎవడు పనిచేస్తాడు? అయినా చెప్పులు ముందుకు తోసింది.

ముసలాయన పాత పట్టీలు కోసేసి, ట్యూబు రబ్బరు కత్తిరించి, ఆరతో పొడిచి, కొత్తగా వస్తున్న నైలాను దారంతో కుట్టసాగాడు. కుడుతూ నోరు ఊరుకోలేదు.

“గేలం ఇసిరినప్పుడు నీ పెనిమిటి ఏ కాలు ముందుకేస్తాడు?”

“నానెప్పుడు సూసేను? ఆ రాళ్లకేసి సూస్తేనే నాకు గుండె జారిపోతాది.”

“ఈత బాగా ఒచ్చునా?”

“గంగలో పుట్టినోడికి ఈత రాదేటి? సెడు మాటలాడకు తాతా. కుట్టు.”

ఆయన మళ్లీ ఆర అందుకున్నాడు.

పిల్ల ఏడిస్తే నీలవేణి లోపలికెళ్లి పాలిచ్చింది. అంబలి ముంతతో తిరిగొచ్చేసరికి వాకిట్లో సంచి ఉంది. మనిషి లేడు. చెప్పులూ లేవు.

పిల్లను చంకనేసుకుని పరుగెత్తింది.

ముసలాయన రాళ్ల చివర ఉన్నాడు. లక్ష్ముడి చెప్పులు తొడుక్కుని, కెరటం మీద పడే వేళకు బరువంతా ఎడమకాలి మీద వేసి, మడమ తిప్పి తిప్పి తొక్కుతున్నాడు.

ఆ పేటలో ఒక మగవాడి సముద్రపు చెప్పుల్లో ఇంకొకరు కాలు పెట్టరు. మనిషి పోయి, దినవారాలయ్యాక, చుట్టాల్లో ఒకడికి తొడుగుతారు.



“దిగు తాతా. నా మొగుడు బతికే ఉన్నాడు. దిగు.”

“ఎడంకాలి పట్టీ నిలబడ్డాది తల్లీ. కుడికాలిది ఇంకా సూడలేదు. ఇంకొక్క కెరటం రానీ.”

“సూసినకాడికి సాలు. ఏటి కీడు తెచ్చినావో నా ఇంటికి. ముందు ఇప్పు.”

“ఒడ్డున ఏ కుట్టయినా గట్టిగానే ఉంటాది. నీట్లో మడమ తిరిగినప్పుడే దాని సంగతి తెలుస్తాది.”

“ఇప్పమన్నానా?”

ఆ అరుపుకు పిల్ల గుక్కపట్టింది. ముసలాయన పిల్లకేసి చూశాడు. ఒడ్డుకొచ్చి, చెప్పులు విప్పి నీలవేణి ముందు పెట్టాడు.

“రేపు నీ పెనిమిటిని రాళ్లెక్కనియ్యకు తల్లీ. మళ్లీ ఒస్తాను. ఆయనే తొడుక్కుంటాడు, నాను పక్కన నిలబడి సూస్తాను.”

“మళ్లీ ఈ పేటలో కాలెట్టినావంటే ఊరుకోను.”

ఆయన వాకిట్లో వదిలిన సంచి తీసుకుని వెళ్లిపోయాడు. అంబలి తాగలేదు. ఆమె కూడా తాగమనలేదు.

నీలవేణి చెప్పులను పసుపునీళ్లతో కడిగి ఎండబెట్టింది. సాయంత్రం లక్ష్ముడు పట్టీలు లాగి చూసి మురిసిపోయాడు.

“ఎవులు కుట్టినారే? మా గట్టిగున్నాయి.”

“ఎవులో దారినపోయే తాత.”

వేరే కాలు పడిందని నోటితో అంటే, ఆ మాటతోనే కీడు గడప దాటి లోపలికొస్తుందని ఆమె భయం. రేపు రాళ్లెక్కనియ్యకన్న మాటతో సహా మిగిలిందంతా మింగేసింది.

మర్నాడు లక్ష్ముడు రాళ్లెక్కాడు.

పొద్దెక్కేసరికి నలుగురు అతన్ని మోసుకొచ్చారు. జారి పడ్డప్పుడు తల రాతికి కొట్టుకుందన్నారు. ఎడమకాలికి చెప్పు ఉంది. కుడికాలు వట్టిది.

దినవారాలయ్యాక, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే గురమ్మ వచ్చి గుమ్మంలో కూలబడింది.

“ఆ ముసిలాయన ఆ రోజు మళ్లీ ఒచ్చినాడే నీలేణీ. సందు మొగలో నిలబడి శవాన్ని సూసినాడు. వట్టి కాలు సూసినాడు. ఒడ్డుకెల్లి ఆరనీ దారాన్నీ గంగలో ఇసిరేసి ఎల్లిపోనాడు.”

“ఎవులాయన?”

“కోటబొమ్మాళి సంతలో అడిగినాను. కూర్మయ్యట. సెప్పులు కుట్టుకుని బతికే మనిషే కాడట.”

“మరేటి అప్పా?”

గురమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆగి ఆగి చెప్పింది.

నీలవేణి పిల్లను గుండెకు అదుముకుని అంతా విన్నది. అప్పటికప్పుడు లేచి ఆయన్ని వెతుక్కుంటూ పోదామనుకుంది. మొగుడు పోయిన ఆడది ఏడాది తిరక్కుండా పేట దాటకూడదని పెద్దలు కూర్చోబెట్టారు.

రాజాం వైపో, కోటబొమ్మాళి వైపో వెళ్లేవాళ్లకు కూర్మయ్య కనిపిస్తే, ఇంత తింటున్నాడో లేదో కాస్త కనుక్కోండి. తాను కుట్టిన పట్టీ తెగి ఒక్కగానొక్క కొడుకును రాళ్ల మీద పోగొట్టుకుని, అప్పట్నుంచీ తన కాలితో కెరటంలో తొక్కి చూడందే ఏ చెప్పూ ఎవరికీ ఇవ్వని ఆ తండ్రికి, ఈసారి చూడనివ్వనిది నీలవేణేనని, లక్ష్ముడి చావు ఆయన చేతిది కాదని చెప్పండి.