కర్త

“‘పొరపాటు జరిగింది’ కాదు నవదీప్. ‘చేశాను’ అని రాయి.”

స్రవంతి మూడో కాగితాన్ని కూడా టేబుల్ మీద వెనక్కి తోసింది.

“రెండింటికీ తేడా ఏంటి వదినా?”

“జరిగేది వడగళ్ళ వాన. చెయ్యడానికి మనిషి కావాలి. నీ వాక్యంలో కర్త ఎక్కడ?”

వాట్‌ఫర్డ్‌లోని ఆ ఇంట్లో ఆదివారం భోజనాలై గంట దాటింది. ఎంగిలి కంచాలు ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి.

అత్తగారు కళావతి విసుక్కుంది. “ఏందమ్మా ఇది! తెలిసో తెలియకో తప్పు జరిగితే మన్నించమని రాశాడుగా. మీ పెళ్ళి శుభలేఖ కూడా ఇన్నిసార్లు దిద్దలేదు.”

“తెలిసో తెలియకో కాదత్తయ్యా. తెలిసే.”

భర్త మనోజ్ తమ్ముణ్ణి చూశాడు, భార్యను చూశాడు, తల వంచుకుని ఫోన్ చూసుకున్నాడు.

పన్నెండేళ్ళ కిందట స్రవంతి లండన్‌లో మాస్టర్స్ చేసింది. యుద్ధం తర్వాత జపాన్ నాయకులు పొరుగు దేశాలకు చెప్పిన క్షమాపణల మీద థీసిస్. కడుపుతో ఉండి రాసింది. అపూర్వ పుట్టాక పీహెచ్‌డీ ఆశ వదిలేసి వృద్ధుల కేర్ హోమ్‌లో షిఫ్టు డ్యూటీల్లో పడింది. తర్వాత చదువుకోవడానికి వచ్చిన మరిది ఓసారి చూస్తానంటే థీసిస్ ఫైలు ఇచ్చింది. ఆ ఫైలున్న పాత లాప్‌టాప్ పాడైపోయి కూడా చాలా ఏళ్ళయింది; తన దగ్గర ఇంకో కాపీ లేదు.

ఇప్పుడు నవదీప్ యూనివర్సిటీలో జపాన్ రాజకీయ చరిత్ర చెబుతున్నాడు. పోయిన నెల అతని మొదటి పుస్తకం వచ్చింది. స్రవంతి టీ బ్రేక్‌లో గర్వంగా తెరిచింది. మూడో అధ్యాయం నుంచి ఆరో అధ్యాయం దాకా వాక్యాలన్నీ తనవే. ఒకచోట ఇరవై ఐదుకు బదులు ఇరవై ఆరని తాను తప్పుగా వేసిన తేదీ కూడా అలాగే ఉంది. ముందుమాట చివర్లో ఒక కృతజ్ఞత మాత్రం ఉంది: “ఆదివారాలు పప్పుచారు పెట్టిన వదినకు.”

“బయట పొక్కితే వాడి ఉద్యోగం ఏమవుద్ది? ఇంకా పర్మినెంట్ కూడా కాలేదు,” అంది కళావతి. “అడిగినట్టు రాసిచ్చెయ్‌రా. ఇంట్లో కాగితం ఇంట్లోనే పడుంటది. ఏమ్మా?”

స్రవంతి మరిది ముందు ఇంకో తెల్లకాగితం పెట్టింది.

“డెబ్భై రెండులో, బీజింగ్ విందులో జపాన్ ప్రధాని ఏమన్నాడు?”

“మెయివాకు. ఇబ్బంది కలిగించాం అని.”

“చైనావాళ్ళకు ఎందుకు మండింది?”

“దారిన పోయే ఆవిడ గౌను మీద నీళ్ళు చిందితే అనే మాట అది, లక్షల మందిని చంపి అనే మాటా అని.” నవదీప్ గొంతులోకి క్లాసులో చెప్పే ధీమా వచ్చేసింది. “కొందరు దుబాసీ తప్పంటారు. నా వాదన వేరు. తప్పు ఆ మాట ఎంచుకున్నవాడిది. నిజమైన క్షమాపణలో మూడుండాలి. ఎవరు చేశారు, ఏం చేశారు, ఎవరికి చేశారు.”

“ఎవరి వాదన?”

నవదీప్ చెవులు ఎర్రబడ్డాయి.

“నీదే వదినా.”

“అయితే ఆ మూడూ రాయి.”

ఈసారి రాశాడు. ఫైలు ఏ సంవత్సరంలో తీసుకున్నాడో రాయించింది. అధ్యాయాల అంకెలు రాయించింది. అతని పెన్ను ఆగినప్పుడల్లా ఆమెకు హాయిగా ఉంది. ఆ హాయిని దాచుకోలేదు కూడా.

“ఇప్పుడు ఇంగ్లీషులో.”

“మళ్ళీనా!”

“అపూర్వకు తెలుగు చదవడం రాదు. వాళ్ళమ్మ ఏం రాసిందో దానికీ తెలియాలి. ప్రతి వాక్యం ‘ఐ’తో మొదలవ్వాలి.”

“రాసెయ్‌రా, పిల్ల కోసమేగా,” అన్నాడు మనోజ్. భోజనాల తర్వాత అతను నోరు విప్పడం అదే మొదలు.

“టైప్ చేసి ప్రింట్ తీస్తా వదినా.”

“వద్దు. కౌన్సిల్ నోటీసులా ఉంటుంది. చేత్తోనే రాయి.”

రాశాడు. కింద పూర్తి పేరు, సంతకం, తేదీ. అపూర్వను మేడ మీద నుంచి పిలిచి చదవమన్నారు. ఆ పిల్ల పైకే చదివి, కాగితం దించి బాబాయి వంక చూసింది.

“బాబాయ్, దిస్ ఈజ్ సో బ్యాడ్. మా స్కూల్లో అయితే డిటెన్షన్!”

మనోజ్‌కు నవ్వొచ్చింది. తల్లి చూపు చూసి ఆపుకున్నాడు.

“అమ్మయ్య, పీడ వదిలింది,” అంది కళావతి. “వదిన తల్లితో సమానం. కాళ్ళకు దణ్ణం పెట్టరా.”

నవదీప్ వంగాడు. లేచేసరికి కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి.

“క్షమించినట్టేనా వదినా?”

స్రవంతి కాగితాన్ని మడత పెట్టలేదు. జాగ్రత్తగా ప్లాస్టిక్ ఫోల్డర్‌లోకి జార్చింది. ఒక్కొక్కరి ముఖమూ చూసి, అందరికీ వినిపించేలా మెల్లిగా చెప్పింది.

“మీ యూనివర్సిటీలో నేను ఫిర్యాదు ఇచ్చి మూడు వారాలైంది నవదీప్, రాతలో ఆధారం ఉంటేనే విచారణ మొదలుపెడతామన్నారు, ఇది రేపు పొద్దున్నే పంపించేస్తున్నాను.”