కుర్చీలో కూర్చున్నావిడ

గొప్ప పేరున్న ఒక బొమ్మ గురించి నాకు ఏళ్ళ తరబడి ఓ సందేహం.

ఒక కిటికీ, దాని పక్కన ఖాళీ కుర్చీ. బొమ్మంతా అంతే.

క్యాలెండర్ల మీద, పుస్తకాల అట్టల మీద దాన్ని చూడనివాళ్ళు లేరు. ఆ ఖాళీని కొందరు మరణమన్నారు, కొందరు విరహమన్నారు. నేను మాత్రం, దేవుడొస్తే కూర్చోవడానికి చిత్రకారుడు ఉంచాడేమో అనుకునేవాణ్ణి.

టీవీ సీరియళ్ళకు సెట్లు అమర్చే మా బావమరిది వల్ల ఆ సందేహం తీరింది.

ఒక సీరియల్లో కలవారింటి హాలు. గోడకు ఆ బొమ్మ నకలు ఉండాలన్నాడు డైరెక్టరు. అనుమతి కోసం చిత్రకారుడికి ఉత్తరం రాశారు.

ఆయన ఎవరికీ కనబడడు, దేనికీ ఒప్పుకోడు. ఈసారి ఎందుకో ఒప్పుకున్నాడు.

"నకలు వేయడానికి మనిషిని నేనే పంపుతాను" అని మాత్రం రాశాడు.

వచ్చింది ఒక ముసలాయన. చొక్కా నిండా రంగు మరకలు. రెండు రోజులు తలెత్తకుండా పనిచేశాడు.

మూడోరోజు పొద్దున్నే బొమ్మ చూసి మా బావమరిది నెత్తి కొట్టుకున్నాడు.

కుర్చీలో ఒకావిడ కూర్చుని ఉంది!

"ఎవరయ్యా ఈవిడ?"

"మా ఆవిడ బాబూ."

"మీ ఆవిడకి కూర్చోవడానికి ఇంకెక్కడా చోటే దొరకలేదా? ఖాళీగా ఉంటేనే కదయ్యా ఆ కుర్చీకి అందం!"

"అందరూ అలాగే అంటారు."

"డైరెక్టరు చూశాడంటే నా ఉద్యోగం ఊడుతుంది. తుడిచెయ్."

ముసలాయన కుంచె కింద పెట్టాడు.

"ఈ సీరియల్ ఆవిడ రోజూ చూస్తుంది బాబూ. ఒక్కరోజు కనబడనివ్వు. ఆ తర్వాత నీ ఇష్టం."

"మీ ఆవిడ ముచ్చట కోసం నా పొట్ట కొడతావా? అసలు బొమ్మంటే ఏమిటో తెలుసా నీకు?"

"ఏదో, కొద్దిగా."

"నీలాంటివాళ్ళ చేతిలో పడ్డాక ఆ మహానుభావుడి పరువేం కావాలి!"

ముసలాయన నవ్వాడు.

తుడిపించే వ్యవధి లేదు. లైట్లు వెలిగాయి. మా బావమరిది ఒక పొడవాటి పూలకూజా తెచ్చి, కుర్చీకి సరిగ్గా అడ్డంగా పెట్టాడు.

ముసలాయన కూజా వంక చూశాడు. రంగుల పెట్టె సర్దుకున్నాడు.

"వస్తాను బాబూ."

వంగిన ఆ వీపు తలుపు దాకా వెళ్ళేసరికి మావాడి మనసు చివుక్కుమంది. ఎంతైనా వాడూ పెళ్ళాం గలవాడే. చప్పుడు చేయకుండా కూజాను జానెడు పక్కకు జరిపాడు.

డైరెక్టరు చూడలేదు. ఆయన కళ్ళన్నీ కోడలికి అత్తగారు కొట్టబోయే చెంపదెబ్బ మీదే ఉన్నాయి.

సాయంత్రం షూటింగ్ అయిపోగానే మావాడు ఆవిడ మీద రంగు పూయించాడు. కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది.

ఆ భాగం టీవీలో వచ్చినరోజు మాత్రం వాడికి గుబులు పట్టుకుంది. ఆ చిత్రకారుడే చూసి గొడవకొస్తే? ముందే తప్పు ఒప్పుకుంటే పోతుందని, ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు.

ఎవరో పెద్దావిడ తీసింది.

"అమ్మా, అయ్యగారితో నన్ను క్షమించమన్నానని చెప్పండి. మీరు పంపిన మనిషి బొమ్మ పాడుచేశాడు. కుర్చీలో వాళ్ళావిణ్ణి కూర్చోబెట్టాడు. ఇప్పుడు తుడిపించేశాన్లెండి."

"అయ్యో, తుడిచేశారా!" అంది ఆవిడ. "పోనీలే బాబూ, కళ్ళారా చూసుకున్నాగా."

మావాడికి ఏమీ అర్థం కాలేదు.

"ఆ కుర్చీలోంచి లేచింది నేనే. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తాను. ఈలోగా ఎవరో వచ్చి, ఇలాగే బాగుందంటూ బొమ్మ పట్టుకుపోయారు" అంది నవ్వుతూ. "మళ్ళీ కూర్చోబెడతానని నలభై ఏళ్ళ కిందట నాకిచ్చిన మాట, మీ సెట్టుకొచ్చి నిలబెట్టుకున్నారు మా ఆయన."